పట్టేసిన కూలర్‌ని పైకి లాగొద్దు, తిప్పండి

ప్రశ్న: తెనాలిలో డీటీపీ సెంటర్ నడుపుతున్నాను. 2020లో అసెంబుల్ చేయించిన సిస్టమ్. రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, ప్రాసెసర్ డబ్బాలో వచ్చిన ఫ్యానే వాడుతున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా విప్పలేదు. ఈ ఎండల్లో ఫ్యాన్ రొద బాగా పెరిగింది. ఫోటోషాప్‌లో పెద్ద ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే సిస్టమ్ నత్తనడక నడుస్తోంది. రెండుసార్లు దానంతటదే ఆఫ్ అయింది. ప్రాసెసర్ వేడిని ఫ్యాన్ కింది రేకుల దిమ్మకు, అదే హీట్‌సింక్‌కి, చేర్చే పాత పేస్టు తుడిచి కొత్తది వేద్దామని నాలుగు స్క్రూలూ విప్పాను. హీట్‌సింక్ మాత్రం కదలడం లేదు, ఫెవిక్విక్‌తో అంటించినట్టు ఉంది. పక్క మొబైల్ షాపు అబ్బాయి ‘గట్టిగా ఒక్క గుంజు గుంజన్నా, అదే వస్తుంది’ అంటున్నాడు. మా బావమరిది స్క్రూడ్రైవర్ దూర్చి లేపమంటున్నాడు. పెళ్లిపత్రికల ఆర్డర్లన్నీ అందులోనే ఉన్నాయి. ప్రాసెసర్ పోతే మళ్లీ కొనే పరిస్థితి లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఒక టెన్షన్ తీసేస్తాను. మీ పెళ్లిపత్రికలు ప్రాసెసర్‌లో ఉండవు. అవి ఉండేది హార్డ్‌డిస్క్‌లోనో, ఎస్‌ఎస్‌డీలోనో. ఈ పనిలో ప్రాసెసర్‌కి ఏమైనా వాటికి ఢోకా లేదు. ముహూర్తం ముంచుకొస్తున్న ఆర్డరు ఏదైనా ఉంటే ఆ డిస్కు ఊడదీసి ఇంకో సిస్టమ్‌కి తగిలించి ఫైళ్లు తీసుకోండి. కూలర్ (అంటే ఆ ఫ్యాను, హీట్‌సింక్ కలిపి) సంగతి ఆ తర్వాత తీరిగ్గా చూడొచ్చు. హడావుడిలో చేసే పని కాదిది.

ఇక ఆ రెండు సలహాల సంగతి. గుంజొద్దు. స్క్రూడ్రైవర్ అసలే దూర్చొద్దు.

మొబైల్ షాపు అబ్బాయి మాట ఇంటెల్ సిస్టమ్ మీద అయితే చెల్లిపోయేదేమో. మీది ఏఎండీ వాళ్ల ఏఎం4 సాకెట్ (సాకెట్ అంటే బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే గూడు). ఇందులో పిన్నులు ప్రాసెసర్ అడుగున ఉంటాయి, మొత్తం 1331. సాకెట్‌లో వాటికి సరిపడే సన్నటి రంధ్రాలు ఉంటాయి. పక్కనున్న చిన్న లీవర్ కిందికి దించితే సాకెట్ పైపలక వెంట్రుకవాసి జరిగి పిన్నులను పక్కనుంచి పట్టుకుంటుంది. ఆ పట్టు తప్ప ప్రాసెసర్‌కి వేరే ఆధారం లేదు. పైనుంచి అదిమి ఉంచే చట్రం లేదు, కొక్కెం లేదు. కాబట్టి ఎండిన పేస్టు పట్టు ఆ లీవర్ పట్టు కంటే గట్టిదైతే, కూలర్ని పైకి గుంజినప్పుడు లీవర్ దిగి ఉండగానే ప్రాసెసర్ కూడా ఊడి దాని అడుగున వేలాడుతూ వస్తుంది. అలా వచ్చేటప్పుడు కాస్త ఓరగా వచ్చిందా, ఒక అంచు పిన్నులు వరసగా వంగిపోతాయి. రైజెన్ వాడేవాళ్లలో ఇది జరిగినవాళ్లు కొల్లలు. ఇంటెల్ అయితే 2004లో ఎల్‌జీఏ 775 అనే సాకెట్‌తోనే డెస్క్‌టాప్ ప్రాసెసర్ల పిన్నులను సాకెట్‌లోకి మార్చి, ప్రాసెసర్ మీద లోహపు పలక బిగించడం మొదలుపెట్టింది. అక్కడ కూలర్ ఎంత గుంజినా ప్రాసెసర్ కదలదు. ఏఎండీ 2022లో ఏఎం5తో అదే దారి పట్టింది. మీ సాకెట్ దానికి ముందుది.

స్క్రూడ్రైవర్ ఎందుకు వద్దో చెప్పనక్కర్లేదు గానీ, బావమరిదికి చెప్పడానికి ఒక ముక్క ఉంచుకోండి. సాకెట్ చుట్టూ బోర్డు మీద కనీకనిపించని సన్నటి రాగి గీతలు, ఆవగింజలంత కెపాసిటర్లు ఉంటాయి. మొన ఒక్కసారి జారి ఒక గీత తెగితే చాలు, ప్రాసెసర్ బతికినా బోర్డు పోతుంది. పైగా ఒక అంచున లేపితే ప్రాసెసర్ ఓరగానే లేస్తుంది. పిన్నులు వంగడానికి అంతకంటే మంచి పద్ధతి లేదు.

అసలు ఇంతగా ఎందుకు పట్టేసింది? మీ ప్రాసెసర్‌తో వచ్చిన కూలర్ పేరు రెయిత్ స్టెల్త్. దాని అడుగున కంపెనీ వాళ్లే బూడిదరంగు పేస్టు పూసి పంపిస్తారు. పేస్టు అంటే సిలికాన్ లాంటి నూనెలో కలిపిన మెత్తటి పొడి. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారీ చల్లారీ నూనె భాగం అంచులకు జారి, మిగిలింది గట్టిపడుతుంది. అది నిజంగా జిగురు కాదు. రెండు నున్నటి ఉపరితలాల మధ్య గాలి చొరబడనంత పల్చగా, చిక్కగా నిలిచిపోయింది, అంతే. వంటింట్లో తడి గ్రానైట్ గట్టు మీద స్టీలు పళ్లెం పెట్టి చూడండి. నిలువునా ఎత్తబోతే గట్టును పట్టుకుని రానంటుంది, పక్కకు తోస్తే చిన్నపిల్లలు తోసినా జారిపోతుంది. మీ కూలర్ కూడా ఆ రకమే. వేడి చేసి పేస్టును మెత్తబరచాలి, పైకి లాగకుండా పక్కకు తిప్పాలి. ఈ రెండూ గుర్తుంటే మిగతాదంతా ఓపికే.

మీరు ఇప్పటికే స్క్రూలు విప్పేశారు కాబట్టి మీకు ముందు ఇంకో పని ఉంది. ఏఎం4 బోర్డు వెనక ఒక లోహపు ప్లేటు ఉంటుంది. ఈ కూలర్ స్క్రూలు నేరుగా దానిలోకే బిగుస్తాయి. చాలా బోర్డుల్లో ఆ నాలుగు స్క్రూలు తప్ప ఆ ప్లేటును పట్టి ఉంచేది వేరే ఏదీ లేదు. మీరు స్క్రూలు విప్పిన క్షణాన అది వెనక జారి, కేబినెట్ రెండో వైపు తలుపుకు ఆనుకుని ఉండొచ్చు. సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే ముందు ఆ లోహపు ముక్క ఎక్కడుందో చూసుకోవడం తప్పనిసరి. రెండో వైపు తలుపు తీసి, ప్లేటును మళ్లీ దాని రంధ్రాల్లో కూర్చోబెట్టి పట్టుకోమని బావమరిదికి అప్పగించండి, ఉత్సాహం ఉన్న మనిషికి పని దొరికినట్టుంటుంది. మీరు ఇటువైపు నుంచి నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలల క్రమంలో తలా కొంచెం చొప్పున బిగించండి. కూలర్ బిగించకుండా వదులుగా ఉంచి సిస్టమ్ ఆన్ చేయొద్దు. పేస్టు పట్టి ఉందిలే అనుకుంటాం గానీ, అది ఎక్కడ వదిలిందో బయటికి కనపడదు. ఫ్యాన్ వైరు ఊడదీసి ఉంటే దాన్నీ బోర్డు మీద సీపీయూ ఫ్యాన్ అని రాసిన చోట గుచ్చండి.

ఇప్పుడు కేబినెట్‌ని బోర్డు పైకి కనపడేలా పడుకోబెట్టండి. పక్క తలుపు తెరిచే ఉంచండి. స్టార్ స్క్రూడ్రైవర్, గుడ్డ, అన్నీ చేతికందేలా పెట్టుకోండి. సిస్టమ్ ఆన్ చేసి ప్రాసెసర్‌కి బాగా పని చెప్పండి. సినీబెంచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, దాని ఆర్23 వెర్షన్‌లో మామూలు పరీక్షే 10 నిమిషాలు నడుస్తుంది, అది సరిపోతుంది. అది లేకపోతే పిల్లల గేమ్ ఏదైనా ఒక పావుగంట నడపండి. ఇంకా వేడెక్కాలని ఫ్యాన్ మాత్రం ఆపొద్దు. మధ్యలో సిస్టమ్ దానంతటదే ఆఫ్ అయితే కంగారు పడకండి. అప్పటికి వేడి ఎక్కే ఉంటుంది, మన పని మొదలుపెట్టొచ్చు.

విండోస్ మూసి, వెనక స్విచ్ ఆఫ్ చేసి, ప్లగ్గు గోడ నుంచి పీకేయండి. యూపీఎస్ మీద ఉంటే యూపీఎస్ ఆపడం చాలదు, దాని నుంచి కూడా ప్లగ్గు తీయాలి. పవర్ బటన్ ఒక అయిదారు సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు దిగిపోతుంది. కేబినెట్ రంగు లేని లోహభాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. ఫ్యాన్ వైరు ఊడదీయండి. చేతికి అడ్డమనిపిస్తే ర్యాములు కూడా తీసి పక్కన పెట్టండి. ఇదంతా చకచకా అవ్వాలి. ప్రాసెసర్ చల్లారడానికి ఎంతోసేపు పట్టదు, పేస్టు మళ్లీ బిగుసుకుంటుంది.

నాలుగు స్క్రూలూ మళ్లీ విప్పండి. ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చూడాలి. ఈ స్క్రూలకు స్ప్రింగులు ఉంటాయి. స్క్రూ పూర్తిగా వదిలితే స్ప్రింగు దాన్ని పైకి తన్నుతుంది, వేలితో ముట్టుకుంటే వదులుగా ఊగుతుంది. ఒక్క స్క్రూ మరలో ఒక చుట్టు మిగిలిపోయినా కూలర్ తిరగదు. పేస్టే పట్టేసిందనుకుని బలం పెంచుకుంటూ పోతాం. కదలని కూలర్లలో కొన్ని నిజానికి పేస్టు తప్పు కాదు, ఇలా మిగిలిన స్క్రూ తప్పు.

ఇప్పుడు హీట్‌సింక్ రేకులను రెండు చేతులతో రెండువైపులా పట్టుకోండి. పైనున్న ఫ్యాన్ చట్రాన్ని కాదు, అది ప్లాస్టిక్, విరుగుతుంది. అల్యూమినియం రేకుల అంచులు కోసుకుంటాయి కాబట్టి గుడ్డ అడ్డం పెట్టుకోండి. కిందికి కొద్దిగా అదిమి ఉంచుతూనే కుడికి కొంచెం, ఎడమకు కొంచెం తిప్పండి. సీసా మూత తిప్పినట్టు గిర్రున తిరగదు, మొదట్లో వెంట్రుకవాసి కూడా కదలనట్టే ఉంటుంది. ఒక వైపు తిప్పి అక్కడే ఒక పది సెకన్లు ఒత్తిడి ఉంచి, మళ్లీ రెండో వైపు. చిక్కటి పేస్టు విసురుకు లొంగదు, ఆగి ఆగి పెట్టే ఒత్తిడికి లొంగుతుంది. కాసేపటికి చేతికి ఒక తేడా తెలుస్తుంది, బంకలో కదిలినట్టు మెత్తగా జరుగుతుంది. అక్కడి నుంచి తిరుగుడు పెరుగుతూ పోతుంది. ఏ అడ్డూ లేకుండా అటూఇటూ జారుతోందని తెలిశాకే ఒక అంచు కొద్దిగా ఓరగా చేసి మెల్లగా ఎత్తండి. అప్పుడు కూడా పైకి బరువుగా లాగుతున్నట్టు అనిపిస్తే ఆపి, మళ్లీ తిప్పండి.

ఈ మొత్తం పనిలో సాకెట్ లీవర్ దించే ఉండాలి. ‘లీవర్ ఎత్తేస్తే ప్రాసెసర్ వదులుగా వచ్చేస్తుంది కదా’ అని అనిపించొచ్చు. లీవర్ ఎత్తి తిప్పితే ప్రాసెసర్ కూడా కూలర్‌తో పాటు తిరగబోతుంది, ఆ ఒత్తిడి పిన్నుల మీద పడుతుంది. ఎలాగూ ఈ కూలర్ కింద చాలా బోర్డుల్లో లీవర్ ఎత్తడానికి చోటుండదు.

(మీలాగే రైజెన్ వాడుతూ రెయిత్ ప్రిజం కూలర్ ఉన్నవాళ్లకు ఒక మాట. దానికి స్క్రూలు ఉండవు, ప్లాస్టిక్ కొక్కేలకు తగిలే క్లిప్పు, దానికో లీవరు ఉంటాయి. క్లిప్పు వదిలించాక కూడా ఆ కొక్కేల చట్రం అడ్డుపడి కూలర్ ఎక్కువ తిరగదు. తిరిగినంత మేర తిప్పుతూ ఉండాలి. చాలకపోతే ఆ చట్రం స్క్రూలే విప్పేస్తే అడ్డు పోతుంది. ఇంటెల్ డబ్బా కూలర్‌కి నాలుగు ప్లాస్టిక్ గుబ్బలు ఉంటాయి, బాణం గుర్తు వైపు పావు చుట్టు తిప్పి పైకి లాగితే సరి.)

రెండు మూడుసార్లు వేడి చేసినా రాకపోతే, లేదా సిస్టమ్ అసలు ఆన్ కాకపోతే, ఇంట్లో జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్ తెచ్చుకోండి. కరెంటు అంతా తీసేసి, జానెడు దూరం నుంచి, గాలి నేరుగా హీట్‌సింక్ రేకుల మీద పడేలా అయిదు నిమిషాలు పట్టండి. రేకులు చేతికి బాగా వెచ్చగా, పట్టుకోగలిగేంత వేడిగా ఉంటే చాలు. మొబైల్ షాపులో హాట్ ఎయిర్ గన్ ఉంటుంది, అబ్బాయి అప్పిస్తానంటాడు కూడా. తీసుకోవద్దు. అది సోల్డరు కరిగించే యంత్రం, సాకెట్ ప్లాస్టిక్ దాని ముందు నిలవదు.

దానికీ లొంగకపోతే దారం పద్ధతి. మెడికల్ షాపులో పళ్ల సందులు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దొరుకుతుంది. మూరెడు తీసి, ప్రాసెసర్ లోహపు మూతకూ హీట్‌సింక్‌కూ మధ్య కనిపించే సందులో ఒక మూల దగ్గర పెట్టి, రంపం కోసినట్టు ముందుకూ వెనక్కూ లాగండి. దారం కొంచెం కొంచెంగా పేస్టును కోసుకుంటూ లోపలికి పోతుంది. తెగితే కొత్త ముక్క. గాలం వేసే సన్నటి నైలాన్ దారం కూడా పనికొస్తుంది. సంక్రాంతికి మిగిలిన మాంజా మాత్రం వాడొద్దు, దానికున్న గాజుపొడి మూతను గీకేస్తుంది. గుండ్రటి స్టెల్త్ కింద కేబినెట్‌లోనే ఇది చేయడం ఇరుకే. బోర్డు మొత్తం బయటికి తీసి బల్ల మీద పెట్టుకుంటే చేతులు ఆడతాయి.

కొందరు సందులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి నానబెడతారు. మంచి పద్ధతే, అంచుల దగ్గర పేస్టు వదులవుతుంది. రెండు మూడు చుక్కలు చాలు, పోయొద్దు. అది ఇట్టే అంటుకునే ద్రవం కాబట్టి అది వేసిన తర్వాత పూర్తిగా ఆరేదాకా డ్రయ్యర్ దగ్గరికి తేవద్దు. పెట్రోలు, థిన్నరు, గోళ్ల రంగు తుడిచే ద్రవం, తుప్పు వదిలించే స్ప్రే, ఇవేవీ బోర్డు దగ్గరికి రానివ్వకండి. పెట్రోలుతో బోర్డులు కడిగే మెకానిక్కులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారని నాకు తెలుసు. వాళ్ల బోర్డులు వాళ్ల ఇష్టం.

ఇంత చెప్పినా ఒక్కోసారి ప్రాసెసర్ కూలర్‌కి అంటుకుని వచ్చేస్తుంది. అప్పుడు మొదటి నిమిషంలో ఏం చేస్తారన్నదే ముఖ్యం. చాలామంది కంగారులో చేసే పని, దాన్ని అలాగే కూలర్‌తో సహా తిరిగి సాకెట్ మీద పెట్టి నొక్కడం. లీవర్ దిగి ఉంది, రంధ్రాలు బిగిసి ఉన్నాయి, కింద ఏ పిన్ను ఎక్కడుందో కనపడదు. అప్పటిదాకా నిటారుగా ఉన్న పిన్నులు కూడా ఆ నొక్కుడుకే పడుకుంటాయి. అలా చేయకండి. కూలర్ని తలకిందులుగా, పిన్నులు ఆకాశం వైపు చూసేలా బల్ల మీద పెట్టండి. పిన్నుల మీద చెయ్యి, గుడ్డ, ఏదీ తగలనివ్వద్దు.

ప్రాసెసర్ 40 మిల్లీమీటర్ల చదరం. దాని ఆకుపచ్చ అంచులను బొటనవేలు, చూపుడువేలు మధ్య పక్కలనుంచి పట్టుకుని, ఇందాకటిలాగే అటూఇటూ తిప్పండి. రాకపోతే హీట్‌సింక్ రేకులకు డ్రయ్యర్ పట్టండి, తర్వాత ఫ్లాస్. ఇప్పుడు సందు అంతా ఎదురుగా ఉంది కాబట్టి దారం పద్ధతి ఇక్కడ చాలా హాయిగా పనిచేస్తుంది. బ్లేడు దూర్చి లేపాలని మనసు లాగుతుంది. అది ఒక్క మిల్లీమీటరు లోతు ఎక్కువ పోతే ప్రాసెసర్ పలకలోని తీగలు తెగుతాయి. ఫ్రీజర్‌లో పెట్టే సలహా కూడా వింటారు. చల్లగా తీసిన వస్తువు మీద మన తేమకు నీటిబొట్లు కడతాయి, ఆ బెడద ఎందుకు?

విడదీశాక పిన్నులు చూడండి. ఫోన్ కెమెరా జూమ్ చేసి, వరసల వెంబడి ఏటవాలుగా చూస్తే తెలుస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే ఏ కోణంలో చూసినా నాటిన వరిమడిలా వరసలు నిటారుగా కనిపిస్తాయి, ఒక్కటి వంగినా వరస చెడి ఇట్టే కంటపడుతుంది. వంగినదాన్ని సరిచేయడానికి స్టేషనరీ షాపులో దొరికే 0.5 మిల్లీమీటర్ల పెన్ పెన్సిల్ చాలు. మీ షాపులోనే ఉండొచ్చు. లోపలి లెడ్డు తీసేసి, ఖాళీ లోహపు మొనను పిన్ను మీదికి గొట్టంలా దించి, మెల్లగా నిటారుకు తెండి. ఒకేసారి ఒకే వైపు నెమ్మదిగా తీసుకురావాలి. ముందుకూ వెనక్కూ నాలుగుసార్లు ఆడిస్తే మెడ దగ్గర విరుగుతుంది. ఒక వరస మొత్తం ఒకేవైపు ఒరిగితే, ఆ వరసకూ పక్క వరసకూ మధ్య పల్చటి విజిటింగ్ కార్డు నిలబెట్టి కొంచెం కొంచెంగా తోయొచ్చు. పిన్ను విరిగినా అప్పుడే ఆశ వదులుకోకండి. ఈ పిన్నుల్లో చాలావాటి పని కరెంటు, ఎర్త్ మోయడమే. అలాంటివి ఒకటి పోయినా సిస్టమ్ నడిచిన సందర్భాలు ఉన్నాయి. వారంటీ మాత్రం ఇలాంటి దెబ్బలకు వర్తించదు.

తిరిగి పెట్టేటప్పుడు ముందు సాకెట్ లీవర్ పూర్తిగా నిలువుగా ఎత్తండి. ప్రాసెసర్ ఒక మూలన బంగారు రంగు త్రికోణం ఉంటుంది, సాకెట్ మీద కూడా అదే గుర్తు. రెండూ కలిపి ప్రాసెసర్‌ని రంధ్రాల మీద ఊరికే వదిలితే తన బరువుకు తనే దిగుతుంది. దిగలేదంటే ఎక్కడో పిన్ను వంకరగా ఉంది. నొక్కకుండా తీసి మళ్లీ చూడండి. చదునుగా కూర్చున్నాక, ఒక వేలు పైన ఆనించి లీవర్ దించండి.

మిగతాది తేలికే. పాత పేస్టును కాగితపు నాప్‌కిన్‌తో ముందు పొడిగా తుడిచి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన నూగు లేని గుడ్డతో ప్రాసెసర్ మూత, హీట్‌సింక్ అడుగు రెండూ మెరిసేదాకా తుడవండి. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో ఐపీఏ అంటే ఇస్తారు. చేతుల శానిటైజర్ పనికిరాదు, దానిలో గ్లిజరిన్ ఉంటుంది. సర్జికల్ స్పిరిట్ కొన్ని రకాల్లో ఆముదం కలుపుతారు, అదీ జిడ్డే. సాకెట్ రంధ్రాల్లో పేస్టు పడి ఉంటే, ఆల్కహాల్‌లో ముంచిన మెత్తటి కొత్త టూత్‌బ్రష్‌తో తట్టండి, రుద్దొద్దు.

కొత్త పేస్టు కొంచెమే వేయాలని అందరూ చెబుతారు. బియ్యపుగింజంత అనే లెక్క పాత చిన్న చిప్పులకు సరిపోయేది. మీ 3600లో లోహపు మూత కింద చిప్పులు రెండు, వేడి పుట్టించే చిప్పు సరిగ్గా మధ్యలో లేదు, ఒక పక్కకు ఉంటుంది. అందుకే మధ్యలో బఠాణీగింజంత, నాలుగు మూలల వైపు చిన్న చుక్కలు వేస్తే మూతంతా పరుచుకుంటుంది. కొంచెం ఎక్కువైనా మామూలు పేస్టుకు కరెంటు పారదు కాబట్టి ప్రమాదం లేదు, తుడుచుకునే చాకిరీ తప్ప. ద్రవలోహం పేరుతో అమ్మేది మాత్రం కొనకండి. దానిలోని గాలియం అల్యూమినియాన్ని తినేస్తుంది, మీ హీట్‌సింక్ అల్యూమినియమే. స్క్రూలు ఎదురెదురు మూలల క్రమంలో, తలా రెండేసి చుట్లు, ఆగేదాకా. వెనక ప్లేటు పట్టుకోవడానికి మళ్లీ బావమరిదే గతి. ఫ్యాన్ వైరు పెట్టడం మర్చిపోతే ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని వస్తుంది. భయపడకండి, ఆపి వైరు పెట్టండి.

ఒక్క మాట ముందే అడగాల్సింది, పేస్టు ఎండిపోవడమే మీ జబ్బుకు కారణమా? నాకు అనుమానమే. రైజెన్ 5 3600కి పరిమితి 95 డిగ్రీలు. అక్కడికి చేరితే అది ముందు తన వేగం తనే తగ్గించుకుంటుంది. ఫ్లెక్సీ ఫైలు తెరిస్తే నత్తనడక నడవడం దానికి సరిపోతుంది. కానీ దానంతటదే ఒక్కసారిగా ఆఫ్ అయిపోవడం వేరే కథ కావొచ్చు. అన్నీ బిగించాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టి, సినీబెంచ్ నడుపుతూ ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. ఎండాకాలం ఏసీ లేని గదిలో ఈ చిన్న కూలర్‌తో 80ల్లో ఉంటే మామూలే. 95కే అంటుకుని కూర్చుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు.

డీటీపీ సెంటర్ అంటే పక్కనే జిరాక్స్ మిషను కూడా ఉండే ఉంటుంది. టోనర్ పొడి, కాగితపు నూగు కలిస్తే హీట్‌సింక్ రేకుల మధ్య దుప్పటి పరిచినట్టు పేరుకుంటుంది. కూలర్ ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి ఫ్యాన్ రెక్కలు వేలితో ఆపి పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. ఆపకుండా ఊదితే ఫ్యాన్ దాని వేగాన్ని మించి తిరిగి బేరింగు దెబ్బతింటుంది. కేబినెట్ వెనక ఫ్యాన్‌ని, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే డబ్బా) జాలీని కూడా బయటినుంచే ఊదండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు. ప్లగ్గు పీకినా దాని లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు కొంతసేపు నిలిచి ఉంటుంది.

ఉష్ణోగ్రత 80ల్లోనే ఉండి కూడా సిస్టమ్ మళ్లీ ఆఫ్ అయిందంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి పోవాలి. కొత్తది కొనే ముందు తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి రెండు రోజులకు అప్పు తెచ్చి, అదే ఫ్లెక్సీ ఫైలు తెరిచి చూడండి. కేబుళ్లు మాత్రం దానివే వాడాలి, మీ పాతవి దానికి గుచ్చకూడదు. కొన్ని రకాల్లో ప్లగ్గు సరిపోయినట్టే ఉండి లోపలి తీగల వరస వేరుగా ఉంటుంది, డిస్కులు కాలిపోతాయి. అప్పుడు పెళ్లిపత్రికలకు నిజంగానే ఢోకా.